పదకొండు రోజుల ఏడాది

నలభై మూడేళ్ళొచ్చినా ఆమెను అందరూ చిట్టి అనే పిలుస్తారు. ఇంట్లో ఆఖరిది కాబట్టి అన్నయ్య పెట్టిన పిలుపు అది. పెళ్ళయ్యాక మొగుడు అందుకున్నాడు. కళ్ళజోళ్ళ షాపులో దానికి 'అక్క' తగిలించి చిట్టక్కని చేశారు.

ఆ షాపులో ఆమెది పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ముందు గదిలో అద్దాల అలమార్లు, వాటి వెనక కంటి పరీక్ష గది, ఆ వెనక కిటికీ కూడా లేని చిన్న గదిలో చిట్టి బల్ల. ఫ్రేముకు సరిపడేలా లెన్సు అంచు మిషను మీద అరగదీయడం, ముక్కు మీంచి జారే జోళ్ళ కాడలు వేడిచేసి వంచడం, కంటిపాపల మధ్య దూరం కొలవడం, కంటికి ఆనని మరలు బిగించడం ఆమె పని. చీటీ మీద రాసిన పవరు చూసి, మనిషి కళ్ళు చికిలించే తీరు చూసి, "ఇది తప్పులా ఉందండీ, ఇంకోసారి చూడండి" అని పరీక్ష గదిలోకి తిప్పి పంపిన రోజులు బోలెడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆమె మాటే నిజమయ్యేది. అయినా కంటి పరీక్ష చేసే హక్కు ఆమెకు లేదు. దానికి నాలుగేళ్ళ డిగ్రీ కావాలి. ఆ డిగ్రీ చేతబట్టుకుని వచ్చే పిల్లలకు స్కేలు ఎలా పట్టుకోవాలో నేర్పేది మాత్రం చిట్టే.

ఒకరోజు షాపు యజమాని, తనూ కళ్ళ డాక్టరే, విసుక్కుంటూ అన్నాడు: "ఎన్నాళ్ళమ్మా ఇలా? నువ్వే వెళ్ళి చదివేయరాదూ? సగం పూట పని నేనిస్తాగా."

ఆయన మాటవరసకే అని ఉండవచ్చు. చిట్టి మాత్రం ఆ మాటను మనసులో మూట కట్టుకుంది. కాలేజీకి దరఖాస్తు పెట్టింది, ప్రవేశ పరీక్ష రాసింది, సీటు తెచ్చుకుంది. ఇక మిగిలింది చదువు రుణం. పెద్ద వయసులో చదువుకునేవాళ్ళకు కూడా రుణం ఇస్తామని ప్రభుత్వ రుణాల ఆఫీసు వాళ్ళు బస్సుల మీద బొమ్మలేసి మరీ చాటుకుంటున్నారు కదా, ఇక అడ్డేముంది అనుకుంది.

అడ్డం ఫారం ఏడో పేజీలో ఉంది. 'ఇంతకుముందు ఏదైనా కాలేజీ చదువు మొదలుపెట్టారా? పూర్తి చేయకపోయినా సరే, తెలపండి.' చిట్టి 'అవును' మీద టిక్కు పెట్టింది. ఇరవై నాలుగేళ్ళ కిందట సైన్సు డిగ్రీలో చేరి, ఒక ఏడాది పూర్తిచేసి, రెండో ఏడాది పదకొండు రోజులు వెళ్ళి మానేసింది. ఉన్నది ఉన్నట్టు రాసింది.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. నాలుగేళ్ళ కోర్సుకు మూడేళ్ళే రుణం ఇస్తామట. మొదటి ఏడాది ఫీజు సొంతంగా కట్టుకోవాలట.

"లేదు అని పెడితే పోయేదిగా," అన్నాడు మొగుడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా ఇరుకు గొయ్యిలో నిలబడి వస్తాడు కాబట్టి ఇంట్లో తేలిగ్గా మాట్లాడతాడు. "పాత సంగతులు తవ్వి చూసేవాడెవడు?"

"తవ్వితే?"

"తవ్వితే అప్పుడు చూసుకునేవాళ్ళం."

"అప్పుడు నువ్వొచ్చి చూసుకుంటావా, నన్ను జైల్లో?"

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి రుణాల ఆఫీసుకు వెళ్ళింది. టోకెను నంబరు నూట ముప్ఫై నాలుగు. బోర్డు మీద ఎర్రంకెలు డెబ్బై రెండు దగ్గర మొరాయించి కూర్చున్నాయి. ఇనుప కుర్చీలో మూడు గంటలు కూర్చునేసరికి నడుము పట్టేసింది. చివరికి నాలుగో కౌంటరు పిలిచింది. అద్దం వెనక పాతికేళ్ళ అమ్మాయి. మర్యాదగానే మాట్లాడుతుంది కానీ ఎదుటి మనిషిని చూడదు, తెరను చూస్తుంది.

"కోర్సు నాలుగేళ్ళు కదా మేడమ్. దానికి ఇంకో ఏడాది అదనంగా కలుపుతాం. అయిదు. అందులోంచి మీరు ఇదివరకు చదివిన ఏళ్ళు తీసేస్తాం. రెండు పోతే మూడు."

"నేను చదివింది ఒక్క ఏడాదేనమ్మా."

"రెండని ఉంది మేడమ్."

"రెండో ఏడాది పదకొండు రోజులే వెళ్ళాను."

"ఏడాది మొదలైతే ఏడాది కిందే లెక్క."

"ఆ పదకొండు రోజుల్లో నాకు టైం టేబులు కూడా చేతికి రాలేదు తల్లీ!"

"సిస్టమ్ రోజులు తీసుకోదు మేడమ్. ఏళ్ళే తీసుకుంటుంది."

"పోనీ ఆ కోసేదేదో ఆఖరి ఏడాది కొయ్యండి. అప్పటికి నేను కూడబెట్టుకుంటాను. ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణుంచి తేను?"

"కోత మొదటి ఏడాది నుంచే మేడమ్."

"అంటే అసలు కాలేజీ గడపే తొక్కనివాళ్ళకి మొత్తం ఇస్తారు. పాపం కాస్త చదువుదామని వెళ్ళి ఆగిపోయినవాళ్ళకి కోస్తారు. అంతేనా?"

"అంతే మేడమ్." ఆ అమ్మాయి గొంతులో వెటకారం లేదు, జాలీ లేదు. చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది. రెండడుగులు వేశాక వెనక నుంచి వినిపించింది: "మీ చేతిలో లేని గట్టి కారణంతో మానేసి ఉంటే మాత్రం ఒక ఏడాది మాఫీ చేసే వీలుంది మేడమ్."

చిట్టి గిరుక్కున తిరిగింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదు మేడమ్."

ఒక ఏడాది మాఫీ అయితే అయిదులోంచి పోయేది ఒకటే. మిగిలేది నాలుగు. కోర్సుకు సరిగ్గా సరిపోతుంది. ఆ కారణానికి రుజువు కావాలి, అంతే. అంతే అనుకుంది చిట్టి.

కారణం అమ్మ. నాన్న అంతకు ముందే పోయాడు. చిట్టి రెండో ఏడాదిలోకి వచ్చిన పది రోజులకు అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క మొత్తం పడిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు మంచంలోనే ఉండి కన్నుమూసింది. ఆసుపత్రికి ఫోను చేస్తే, పదిహేనేళ్ళు దాటిన కాగితాలు ఉంచుకోము, చింపేస్తామన్నారు. చూసిన డాక్టరు ఇప్పుడు బతికి లేడు. పాత కాలేజీ వేరే కాలేజీలో కలిసిపోయింది. వాళ్ళు దయదలిచి మూడు వారాలకు ఒక కాగితం పంపారు. చేరిన తేదీ, మానిన తేదీ, మానడానికి కారణం: 'వ్యక్తిగతం'.

రుణాల ఆఫీసుకు ఫోను చేస్తే ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, తర్వాత నలభై నిమిషాలు పిల్లనగ్రోవి వినిపించింది. ఆ పాట మొగుడికి కూడా నోటికొచ్చేసింది. కూర తరుగుతూ ఈల వేస్తుంటే, "ఇంకొక్కసారి ఆ కూత కూశావంటే ఇంట్లోంచి గెంటేస్తా" అంది చిట్టి. ఎట్టకేలకు అవతల మనిషి పలికి దారి చెప్పాడు. కాగితాలు దొరక్కపోతే, ఆ రోజుల్లో అదే ఇంట్లో ఉండి, సంగతి స్వయంగా తెలిసిన పెద్దవాళ్ళెవరైనా ఉత్తరం రాసివ్వాలి. భర్త పనికిరాడు.

భర్తకు అప్పటికి ఆమె ఎవరో కూడా తెలియదు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు: అమ్మ, చిట్టి, అన్నయ్య.

అన్నయ్య చిట్టికన్నా మూడేళ్ళు పెద్ద. గంట బస్సు ప్రయాణం దూరంలో పక్క ఊళ్ళో మందుల షాపు నడుపుతాడు. నలుగురిలో మంచిపేరున్న మనిషి. ముసలివాళ్ళు వస్తే కుర్చీ వేసి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో నాలుగుసార్లు చెప్పి పంపుతాడు. "మా అమ్మని నాలుగేళ్ళు మంచంలో చూసుకున్నానండీ, ఆ కష్టం నాకు తెలుసు" అంటాడు. ఆ మాట చిట్టి చెవిన ఇద్దరు ముగ్గురి ద్వారా పడింది. పోనీలే, అనుకుంటే ఏం పోయింది అని ఊరుకుంది.

ఫోనులో విషయం చెప్పగానే అన్నయ్య, "ఓస్, ఇంతేనా? సాయంత్రానికల్లా రాసి పంపిస్తా" అన్నాడు. సాయంత్రం కాదు కానీ నాలుగు రోజులకు పంపాడు. ఉత్తరం ఫొటో ఫోనులో తెరిచి, మిషను ఆపేసి మరీ చదివింది చిట్టి.

'నా చెల్లెలికి మొదటి నుంచీ చదువు మీద అంతగా ఆసక్తి ఉండేది కాదు. అదే సమయంలో మా అమ్మగారి ఆరోగ్యం కూడా బాగుండకపోవడంతో, కుటుంబ సభ్యులందరం చర్చించుకున్న మీదట, తన ఇష్టప్రకారమే చదువు విరమించుకున్నది.'

చేతిలో ఉన్న లెన్సు కింద పడి గీత పడింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె చేతిలోంచి లెన్సు జారడం అది రెండోసారో మూడోసారో.

సీటు ఖాయం చేసుకోవడానికి ఇక వారమే గడువు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కింది.

అన్నయ్య షాపు వెనక గదిలో అట్టపెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మూల బల్ల దగ్గర వదిన వారం బిల్లులు కంప్యూటర్లో ఎక్కిస్తోంది. చిట్టిని చూసి, టీ పెడతానంటూ లేవబోయింది.

"టీ తర్వాత వదినా. అన్నయ్యా, ఏంటా రాత?"

"ఏం, బాలేదా? గ్రామరు కూడా చూసుకున్నానే."

"నాకు ఆసక్తి లేదా?"

"అలా కాదు. పద్ధతిగా ఉండాలని రాశా. ఆఫీసులకి వెళ్ళే కాగితం. ఇంటి గుట్టంతా ఎందుకు?"

"పద్ధతిగా రాస్తే నా ఏడాది పోతుంది. నా ఇష్టప్రకారం మానేశానని నువ్వే సంతకం పెడితే వాళ్ళు మాఫీ ఎందుకు చేస్తారు? మానక తప్పలేదని రాయాలి."

"సరే, తప్పలేదనే రాస్తా." జేబులోంచి పెన్ను తీశాడు. ఒక కాగితం రాశాడు, అందులో సగం తన ఆఖరి సంవత్సరం చదువు ఎంత కష్టమైందో ఉంది. చిట్టి చించేసింది. రెండోది రాశాడు. 'పరిస్థితుల ప్రభావం వల్ల' అని మొదలైంది.

"ఏ పరిస్థితులు? పేరు లేదా వాటికి?"

"అందరికీ అర్థమవుతుందే!"

"నాలుగో కౌంటరుకి అర్థం కాదు! దానికి అమ్మ, పక్షవాతం, చూసే దిక్కు లేదు, ఇలా ముక్కలు ముక్కలుగా చెప్పాలి."

"నేనున్నాగా! దిక్కు లేదని ఎలా రాయను?"

వదిన బిల్లులు ఎక్కించడం ఆపేసింది.

"నువ్వెక్కడున్నావన్నయ్యా?" చిట్టి గొంతు పెంచలేదు. "హాస్టల్లో ఉన్నావు, ఆ తర్వాత ఉద్యోగం ఊళ్ళో. ఆదివారం ఆదివారం వచ్చేవాడివి. అమ్మకి తల దువ్వేవాడివి, పాటలు పెట్టేవాడివి. అమ్మ వారమంతా నీకోసం ఎదురుచూసేది. అది కాదనడం లేదు. మిగతా ఆరు రోజులు ఎవరు చూశారు?"

"నువ్వే. కాదన్నానా ఎప్పుడైనా?"

"నాతో కాదనలేదు," అంది వదిన మెల్లగా. "నాతో ఆ మాటే చెప్పలేదు. నాలుగేళ్ళూ నేనే ఎత్తి కూర్చోబెట్టానని చెప్పారు. పెళ్ళిచూపుల్లో మా నాన్నకి కూడా అదే చెప్పారు. మా నాన్న అది విని ఒప్పుకున్నాడు."

అన్నయ్య మొహం పాలిపోయింది. "ఎత్తి కూర్చోబెట్టలేదా? ఆదివారాలు..." అని ఆగిపోయాడు.

చిట్టికి ఒళ్ళు మండుతూనే ఉంది. ఆయన్ను భార్య ముందు నిలదీయడానికి వచ్చింది కాదు, ఒక కాగితం కోసం వచ్చింది. ఆ ఏడో పేజీ టిక్కు ఇంత దూరం లాక్కొస్తుందని తెలిస్తే షాపులో మరలు బిగించుకుంటూ కూర్చునేది.

"నేను నిన్ను మానెయ్యమనలేదు," అన్నాడు అన్నయ్య, కాగితం వంక చూస్తూ.

"కాలేజీ గేటు దగ్గరికొచ్చావు. పదకొండో రోజు. లాబ్ నుంచి పిలిపించావు. 'నా పరీక్షలయ్యేదాకా ఉండవే చిట్టీ, రెండు నెలలే' అన్నావు."

"అవును. రెండు నెలలన్నాను."

"అన్నావు."

"తర్వాత ఉద్యోగమొచ్చింది నాకు."

"వచ్చింది."

ఆయన కొత్త కాగితం తీసుకున్నాడు. ఈసారి కొట్టివేతలు లేవు. రాసి, చెల్లెలికి కాకుండా పెళ్ళానికి అందించాడు. వదిన పైకి చదివింది.

'మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు నేను ఆఖరి సంవత్సరం పరీక్షలకు చదువుతున్నాను. అమ్మను చూసుకోవడానికి ఇంట్లో మా చెల్లెలు తప్ప ఎవరూ లేరు. రెండు నెలలు కాలేజీ మానమని నేనే అడిగాను. నా పరీక్షలు అయ్యాయి, ఉద్యోగం వచ్చింది. తిరిగి కాలేజీకి వెళ్ళమని నేను చెప్పలేదు. అమ్మ పోయేదాకా నాలుగేళ్ళు చెల్లెలే చూసుకుంది.'

వదిన కాగితం మడిచి చిట్టి చేతిలో పెట్టింది. అప్పుడు వెళ్ళి టీ పెట్టింది.

మంగళవారం మళ్ళీ ఆఫీసు, మళ్ళీ టోకెను, మళ్ళీ నాలుగో కౌంటరు. ఆ అమ్మాయి ఉత్తరాన్ని పైనుంచి కిందికి చూసి, వెనక్కి తోసింది.

"తేదీ లేదు మేడమ్."

"ఏ తేదీ?"

"ఉత్తరం రాసిన తేదీ. రాసినవాళ్ళ చేత్తోనే ఉండాలి."

చిట్టి తల బాదుకోవడం ఒక్కటే తక్కువ. పెన్నులు రెండు బ్యాగులో ఉన్నాయి. తనే వేసేద్దామా అని ఒక్క క్షణం చెయ్యి దురద పెట్టింది కూడా. గడువు గురువారం. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి అన్నయ్యకు ఫోను చేసి, ఆదివారం నాటి కోపమంతా, కౌంటరు కోపమంతా కలిపి ఆయన నెత్తిన దులిపేసింది. "ఇరవై ఏళ్ళు మందుల మీద తేదీలు చూసినవాడివి, నీకు తేదీ వెయ్యాలని తెలీదా?"

"అక్కడే ఉండు," అన్నాడాయన.

గంటన్నరకు షాపుకు షట్టరేసి బస్సులో దిగాడు. పని కోటు కూడా విప్పలేదు, జేబులో మూడు పెన్నులు. కౌంటరు ముందు తేదీ వేసి, సంతకం కింద ఇంకో సంతకం పెట్టాడు.

"ఇది మీరే రాశారా సార్?" అడిగింది అమ్మాయి. అడగాల్సిన ప్రశ్న కాబోలు, తెర మీద చూసి చదువుతోంది.

"నేనే."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

అన్నయ్య, వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ తననే చూస్తున్నారనుకున్నాడేమో, ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ చూడటం లేదు.

"నిజమేనమ్మా. ప్రతి ముక్కా నిజమే."

అమ్మాయి ఠప్పున స్టాంపు కొట్టి రసీదిచ్చింది. నిర్ణయానికి పద్నాలుగు పని దినాలు పడుతుందట. చిట్టి మళ్ళీ నోరు తెరవబోయేలోగా, "ఈ రసీదు కాలేజీలో చూపిస్తే సీటు ఆపుతారు మేడమ్" అని ఈసారి అడగకముందే చెప్పింది.

పద్నాలుగు కాదు, ఇరవై రెండు పని దినాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు పిల్లనగ్రోవి విన్నది. చివరికొచ్చిన ఉత్తరంలో ఆమె పుట్టిన సంవత్సరం తప్పు పడింది, ఆ లెక్కన చిట్టి వయసు నూట మూడేళ్ళు. కానీ రెండో పేరాలో ఒక ఏడాది మాఫీ అయిందని, నాలుగేళ్ళకూ రుణం మంజూరైందని స్పష్టంగా ఉంది. మొగుడు ఉత్తరం రెండుసార్లు చదివి, "నూట మూడేళ్ళ ముసలిదానికి చదువు చెప్పిస్తున్నారు, మంచి ప్రభుత్వం" అన్నాడు. చిట్టి నవ్వింది. నవ్వాక పుట్టిన సంవత్సరం సరిచేయించడానికి ఫోను అందుకుని, ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, స్పీకరులో పెట్టి అన్నం తినడానికి కూర్చుంది.

కాలేజీ మొదలైంది. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి షాపు. తెచ్చిపెట్టుకున్న కొత్త తలనొప్పి మాత్రం అన్నయ్య. ఇరవై మూడేళ్ళు ఆ రోజుల గురించి ఒక్క ముక్క మాట్లాడని మనిషి ఇప్పుడు రెండు రోజులకోసారి ఫోను చేస్తున్నాడు, అదీ సరిగ్గా లెన్సు మిషనులో ఉన్నప్పుడే. అమ్మ మంచం కిటికీ పక్కన ఉండేదా, గోడ పక్కనా? అమ్మకు అన్నం ఎవరు వండేవారు? అమ్మను ఎత్తేటప్పుడు నీకు నడుము నొప్పి వచ్చేదా? అన్నీ ఇప్పుడడుగుతాడు. వదిన అడగమంటోందో, తనే అడుగుతున్నాడో చెప్పడు.

"అన్నయ్యా, పనిలో ఉన్నా."

"ఒక్క మాట చెప్పి పెట్టేయ్. అప్పుడు నువ్వు చదివింది ఏ సబ్జెక్టు?"

చిట్టి మిషను ఆపింది. "నీకు తెలీదూ?"

"సైన్సని తెలుసు. ఏ సైన్సో..."

"కెమిస్ట్రీ."

"బాగా చదివేదానివా?"

"మొదటి ఏడాది క్లాసులో మూడోదాన్ని."

అవతల షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు, ఆయన పలకడం లేదు.

"మూడోదానివా," అన్నాడు చివరికి. "ఆ సంగతి కూడా ఉత్తరంలో రాయాల్సింది చిట్టీ. కావాలంటే ఇంకోటి రాసిస్తా, తేదీ వేసి మరీ."

"నీకు పుణ్యముంటుంది అన్నయ్యా, దాన్ని ఇక కదపకు!" అంది చిట్టి. "మంజూరైన కాగితం అది. ముందు ఆయనకెవరికో దగ్గు మందియ్యి."

ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, లెన్సు మళ్ళీ మిషనుకు బిగించింది.